ఒక్క చేతికే

నగల దుకాణంలో పనిచేసే ఆవిడ, చర్మవైద్యురాలి ముందు కుడిచెయ్యి ఒక్కటే బల్లమీద పెట్టింది.

“రెండోది కూడా పెట్టండమ్మా. నరాలు కనబడకుండా చర్మం కింద నింపే ఈ ఫిల్లర్ ఇంజెక్షన్ రెండు చేతులకీ చేస్తేనే బావుంటుంది.”

“వద్దు డాక్టరమ్మా. కొనేవాళ్లకి ఉంగరాలు ఈ చేతికే పెట్టుకుని చూపిస్తాను. నరాలు తేలాయని మా ఓనరు నన్ను కౌంటర్ నుంచి తీసేస్తానంటున్నాడు.”

“అప్పుడు ఒక చెయ్యి మనవరాలిదీ, ఇంకోటి అమ్మమ్మదీ అయిపోతాయి!”

“కానివ్వండి.” ఆవిడ సిగ్గుపడింది. “ఈ వయసులో పెళ్లి చేసుకున్నాను, నెల కూడా కాలేదు. ఆయన టీవీ చూస్తూ నా ఎడమచేతి నరాలు నొక్కుతారు. అవి మళ్లీ పొంగితే చిన్నపిల్లాడిలా నవ్వుతారు.”

“ఇంజెక్షన్ చేస్తే ఇక పొంగవు మరి.”

“అందుకే కదమ్మా దాచుకున్నాను!”

డాక్టరు నవ్వింది. “సరే, దుకాణం చెయ్యి ఇటివ్వండి. మీ ఆయన చెయ్యి ఒళ్లోనే ఉంచుకోండి.”