పేరు చెప్తేగాని రాని వేరు

సన్నెమ్మ మొగుడికి జ్వరం పట్టుకుందంట. కోరన్న అతని పేరు. నేను చెప్పొచ్చులే, నా మొగుడు కాదు కదా. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, గంజి గొంతు దిగట్లేదు, మనుషుల్ని గుర్తుపట్టట్లేదు. ఇహ దక్కడనుకున్నారంట. అప్పుడు అత్త ఏమందంటే, కొండ మీద నీలిచుక్క మొక్క ఉందే కోడలా, దాని వేరు తీసుకురా, నా మోకాళ్ళు ఎక్కలేవు అంది. నీలిచుక్కంటే ఏంటో ముందు చెప్తాను, వినండి. జానెడు మొక్క, బండల సందుల్లో ఉంటుంది, పువ్వు చొక్కా గుండీ అంత, నీలంగా. ఆకు నూరి కడితే వాపు తీస్తుంది, పువ్వు కాచిన నీళ్ళు పిల్లల దగ్గుకి, వేరు కషాయం జ్వరానికి. మరి దానికో పట్టింపుంది. జబ్బు ఎవరికో పేరు పెట్టి చెప్పి పీకాలి. చెప్పకపోతే కాడ తెగి చేతికొస్తుంది, వేరు మట్టిలోనే ఉండిపోతుంది. అర్థమైందా? సరే.

సన్నెమ్మ గబగబా కొండెక్కిందంట. మొక్క ముందు కూచుని నోరు తెరిచింది. తెరిచి, అలాగే ఉండిపోయింది. ఏమైందంటే, ఆ ఊళ్ళో పెళ్ళాం మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గిపోతుందంటారు. పలికితే ఆయుష్షు పోతుంది, పలక్కపోతే మందు రాదు. ఏం చేస్తుంది చెప్పండి? "మా చంటిదాని అయ్యకి" అని పీకిందంట. కాడ తెగింది. ఇంకో మొక్క దగ్గరికెళ్ళి "మా అత్త కొడుక్కి" అంది. అదీ తెగింది. మొక్కకి కోపమొచ్చిందా, తను సరిగ్గా చెప్పలేదా, ఏమీ తెలీట్లేదు. "పొడుగ్గా ఉంటాడమ్మా, తింటూ మాట్లాడడు, గొడ్లని తిట్టడు, నన్నే తిడతాడు, తెలీదా నీకు?" అని బతిమాలిందంట. తెగింది. ఇక అక్కడ ఒక్కటే మిగిలింది అనుకోండి. అటూ ఇటూ చూసి, రెండు చేతులూ పువ్వు చుట్టూ దొప్పలా పట్టి, "కోరన్నకి" అందంట. మట్టితో సహా వేరు ఊడొచ్చింది.

కషాయం తాగాక చెమట పట్టింది, కళ్ళు తెరిచాడు, గంజి అడిగాడు. అత్త సంబరపడిపోయి, "వేరు బాగా వచ్చిందే, ఏమని చెప్పావ్?" అంటూనే ఆగిపోయిందంట. "పేరు పలికావా? నా కొడుకు ఆయుష్షు తీసేశావు గదే!" "పలక్కపోతే ఇవాళే పోయేవాడు గదత్తా!" "అదీ నిజమే, పలికావు గాబట్టే బతికాడు." మళ్ళీ అంతలోనే "అయినా పలికావు గదే!" అని ఏడుపు. ఓసారి నవ్వుతుంది, ఓసారి ఏడుస్తుంది. కోరన్న గంజి ముంత పట్టుకుని, "నేను బతికినట్టా, పోయినట్టా? ముందది తేల్చండి, తాగాలో వద్దో చూసుకుంటాను" అన్నాడంట.

ఊళ్ళో పెద్దలు కూచున్నారు. ఆయుష్షు పెరిగిందని ఒకరు, తగ్గిందని ఒకరు. నేనూ బళ్ళో లెక్కలు చెప్పినదాన్నే, అసలు మొత్తం ఎంతో తెలీకుండా కూడికేంటి, తీసివేతేంటి? తేలలేదు. కోరన్న మాత్రం ఆ తరవాత ప్రతి వానాకాలం, "ఒళ్ళు వెచ్చగా ఉందే, నీలిచుక్క తేవాలేమో" అనేవాడంట. సన్నెమ్మ బయల్దేరితే తనూ వెనకాలే కొండెక్కి, మొక్క పక్క బండ మీద చెవి అటు పెట్టి కూచునేవాడంట. జ్వరమొచ్చినోడికి కొండెక్కే ఓపిక ఎక్కడిదిరా అని వాళ్ళమ్మ జుట్టు పీక్కునేది. ఎక్కడిదో నన్నడక్కండి, పెళ్ళయ్యాక మీకే తెలుస్తుంది.