తొట్టిలో ఉతికిన సంచి

మోంజే పట్నం దగ్గరి పల్లెలో తొలివాన పడ్డ మర్నాడు, దుక్కిటెద్దులు రెండూ నీళ్ళతొట్టి పక్కన పొట్టలుబ్బి చచ్చి పడున్నాయి. వాటి రైతు తొట్టి గట్టు మీద కూర్చునే ఉన్నాడు. భార్య వచ్చి నిలబడింది.

"ఏం తిన్నాయి?"

"తినలేదు, తాగాయి. నిన్న యూరియా సంచి ఇందులో ఉతికాను."

"బావి దగ్గర ఉతకమన్నాను కదా, చూల్వే వాళ్ళ నాన్నా!"

"దూరమని వెళ్ళలేదు. జొన్నలు మిల్లుకెయ్యడానికి సంచి కావాలని నువ్వేగా పోరావు."

"సంచి అడిగాను, ఎద్దుల్ని చంపమన్నానా? ఎరువేమైనా మిగిలుందా అందులో?"

"అడుగున గడ్డకట్టి నాలుగు దోసిళ్ళుంది. కరిగిపోతుందిలే అనుకున్నా."

"కరిగింది."

అతను తల ఊపాడు. ఏడుపు రావడం లేదు.

"మా తమ్ముడు మాంసానికి కత్తీ గిన్నే పట్టుకొస్తున్నాడు. సిగ్గు లేదు."

"పొమ్మను. విషం తాగిన గొడ్లు. పూడ్చాలి, పార పట్రా."

"ఉన్నది ఒకటే పార. దాంతో పూడుస్తావా, చేను తవ్వుతావా?"

"ముందు పూడుస్తా."

"తర్వాత నాలుగెకరాలూ తవ్వుతావా?"

"అరెకరం తవ్వగలను."

"మిగతాది?"

"గడ్డి మొలుస్తుంది. మేసేవి లేవు కదా, బాగానే మొలుస్తుంది."