లోపలి కుట్టు

(జైలు ములాఖత్ గది. మధ్యలో అద్దం. ఇటు ఇంట్లో మిషను మీద సంచులు కుట్టే తల్లి, అటు శిక్ష పడిన కూతురు. ఇద్దరి చేతుల్లో చెరొక ఫోను.)

"...వినపడుతోందా? ఇప్పుడు వినపడుతోందా?"

"అరవకమ్మా. ఫోనే కదా, మెల్లిగా చెప్పినా వినపడుతుంది."

"అద్దం అడ్డంగా ఉంటే అరవాలనిపిస్తుంది. చిక్కిపోయావు."

"ప్రతి వారం అదే అంటావు. ఆ లెక్కన ఈపాటికి నేను కనపడకూడదు. పాపేది? ఈసారి తెస్తానన్నావు."

"మీ అక్క దగ్గర దింపి వచ్చాను."

"జ్వరమా?"

"కాదు కాదు, బానే ఉంది. పెద్దమ్మ పక్కనే పడుకుంటానని ఒకటే గొడవ."

"మరి ఎందుకు తేలేదు?"

"తేలేదులే. ఇచ్చేదే ఇరవై నిమిషాలు. అది పక్కనుంటే మనల్ని మాట్లాడుకోనిస్తుందా?"

"ఏం మాట్లాడాలి?"

"తీర్పు కాయితం చదివించుకున్నాను."

"ఎవరితో?"

"మందుల షాపు అమ్మాయితో. నలభై పేజీలు. పాపం, గిరాకీ వదులుకుని మరీ చదివింది."

"ఆ కాయితం గొడవ ఇప్పుడెందుకమ్మా. అయిపోయింది. పన్నెండేళ్ళు వేశారు, ఏడు నెలలు గడిచాయి. మిగతావీ గడుస్తాయి."

"పదిహేడో పేజీలో నువ్వేం చెప్పావో ఉంది."

"ఏవేవో చెప్పాను. ఆ భయంలో ఏం గుర్తుంటుంది."

"సంచి లోపలి గుడ్డ ఎవరు కుట్టారని అడిగితే, నేనే కుట్టానన్నావట."

"నీ మోకాలు ఎలా ఉంది?"

"మోకాలి సంగతి వదిలెయ్. నువ్వు కుట్టావా?"

"కుట్టాను."

"గుండీ కుట్టుకోవడం రాదు నీకు. పదో తరగతి దాకా బడికి పిన్నీసు పెట్టుకుని వెళ్ళావు. నువ్వు కుట్టావా, రెండు పొరల గుడ్డ, చివర మూడు ముళ్ళు వేసి?"

"మెల్లిగా అమ్మా. వింటారు."

"విననీ."

"విననీ అంటావేంటి? కోర్టులో ఆ సంచి కోసి చూపించారు. చూడగానే తెలిసింది. చివర మూడు ముళ్ళు నువ్వు కాక ఇంకెవరు వేస్తారు? నోటికి ఏదొస్తే అది అనేశాను."

"ఏదొస్తే అది కాదు. నా పేరు రాకూడదని అన్నావు."

"సరే, అందుకే అన్నాను. ఏం చెయ్యమంటావు?"

"దానివల్లే పన్నెండు పడ్డాయి. అలాగే రాశారు అందులో. తనే కుట్టింది కాబట్టి లోపల ఏముందో తనకి తెలుసు, ఊరికే మోసిన మనిషి కాదు అని. లేకపోతే తగ్గేదట కదా."

"ఎంత తగ్గేదో ఎవరు చూశారు? తూకాన్ని బట్టి వేస్తారమ్మా. రెండు కిలోల మత్తు పొడి. మనిషిని చూడరు, కాటా చూస్తారు. మా గదిలో ఒకావిడ మొగుణ్ణి ఇనప రాడ్డుతో కొట్టి చంపింది. ఆవిడకి ఎనిమిదేళ్ళు. వచ్చే ఏడాది వెళ్ళిపోతుంది. రోజూ నాకు ధైర్యం చెప్తుంది."

"ప్రాణం తీస్తే ఎనిమిది, సంచి మోస్తే పన్నెండా? మనకి కుట్టుపని ఇచ్చి, ఆ సంచి నీ చేతిలో పెట్టిన వాడు హాయిగా ఎక్కడో తిరుగుతున్నాడు. వాడికి ఒక్క రోజు కూడా పడలేదు. ఇదేం న్యాయం?"

"ఏమో. ఇక్కడికి చదువు చెప్పడానికి ఒక టీచరమ్మ వస్తుంది. వాళ్ళబ్బాయి ఆ పొడి వల్లే పోయాడు. ఇరవై ఏళ్ళవాడు. బాత్రూం తలుపు పగలగొట్టి తీశారట. నా కేసేంటో తెలియక నా పక్కనే కూర్చుని చెప్పింది, అవి తెచ్చేవాళ్ళకి పన్నెండేళ్ళు ఏం సరిపోతాయి అని. నేను తలెత్తలేకపోయాను."

"నువ్వేం చేశావు? విమానంలో వెళ్ళి పై ఊరి షాపులో నమూనా సంచి ఇచ్చి రమ్మన్నాడు, వెళ్ళావు. విమానం ఎక్కేచోట పట్టుకున్నారు."

"ఎత్తగానే బరువు తెలిసిందమ్మా. ఖాళీ సంచి అంత బరువుండదు. అడగలేదు. అడిగితే ఇంకొకళ్ళని పంపుతాడని నోరు మూసుకున్నాను."

"నేనూ అడగలేదు."

"నీకేం తెలుసని అడుగుతావు?"

"సంచి నిటారుగా నిలబడాలి, లోపల ఈ అట్టలు పెట్టి కుట్టు అన్నాడు. గుడ్డ చుట్టి మరీ ఇచ్చాడు. ముప్ఫై ఏళ్ళ నుంచి కుడుతున్నాను, అట్టకీ పొడికీ తేడా నా చేతికి తెలియదా? సూది మెత్తగా దిగింది. అడిగితే పని పోతుందని కుట్టేశాను. అది నువ్వు పట్టుకెళ్ళే సంచని మాత్రం తెలియదు. అదొక్కటే తెలియదు."

"అమ్మా..."

"ఎవరో పట్టుకెళ్తారులే అనుకున్నాను. వాళ్ళకీ ఒక తల్లి ఉంటుందని తట్టలేదు నాకు."

"ఇది ఇక్కడే వదిలెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరితోనూ అనకు. నాకు పడిందేదో పడింది. నువ్వు బయటున్నావు, పాప నీ దగ్గరుంది. ఆ ధైర్యంతోనే నాలుగు మెతుకులు తింటున్నాను."

"పాపకి నాలుగేళ్ళు. పన్నెండు కలిపితే పదహారు. పదహారేళ్ళ పిల్లకి నువ్వెవరో ఏం తెలుస్తుంది?"

"నువ్వు చెప్తావుగా. ఫొటో చూపించు."

"మొన్న చూపించాను. ఈ ఆంటీ ఎవరని అడిగింది."

"ఆంటీ అందా?"

"నీకు చెప్పకూడదనుకున్నాను. అదే ఆరేళ్ళనుకో, అప్పటికి పాపకి పదే. పదేళ్ళ పిల్లకి ఇంకా అమ్మ కావాలి. జడ వేయించుకుంటుంది, పక్కలో పడుకుంటుంది. నెల రోజుల్లో మళ్ళీ నీకు మాలిమి అవుతుంది."

"ఆరేంటి? ఆరు ఎక్కడ నుంచి వచ్చింది?"

"ఉట్టినే అన్నాను."

"నువ్వు ఉట్టినే ఏదీ అనవు. ఇటు చూడు. అమ్మా, నా కళ్ళలోకి చూడు. ఏం చేశావు?"

"నిజం చెప్పాను."

"ఎవరికి?"

"స్టేషన్లో. సోమవారం. కుట్టింది నేను, నా కూతురికి సూది పట్టుకోవడమే రాదు అన్నాను. నమ్మలేదు. ఒక గుడ్డముక్క ఇమ్మని, వాళ్ళ ముందే కుట్టి చూపించాను. చివర మూడు ముళ్ళూ వేశాను."

"ఎందుకమ్మా. ఎందుకు చేశావిలా. పాపని ఎవరు చూస్తారు?"

"మీ అక్క చూస్తుంది. గుండె రాయి చేసుకునే దింపి వచ్చాను. రేపు హాజరవమన్నారు."

"నా నోరు నొక్కుకుని ఇన్నాళ్ళు భరించింది దేనికి మరి? నువ్వు ఇంట్లో ఉంటావనే కదా?"

"ఏడవకు. ఏడిస్తే ఫోన్లో నీ మాట తెలియట్లేదు. విను. ఇంట్లో ఏ పనైనా పెద్దదైతే నువ్వు సగం, నేను సగం చేసుకునేవాళ్ళం కదా. ఇదీ అలాగే అనుకున్నాను. సంచి ఒకటే, తప్పు ఒకటే, వేసిన శిక్ష ఒకటే. అందులో ఆరేళ్ళు నా పేరు మీద రాసుకుని, ఆరేళ్ళకి నా కూతుర్ని పంపెయ్యండి బాబూ అని చేతులు పట్టుకుని అడిగాను."

"ఏమన్నారు?"

"మర్యాదగానే మాట్లాడారు. కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. చెప్పిందంతా రాసుకుని వేలిముద్ర వేయించుకున్నారు. పంచడం కుదరదట తల్లీ. నీ పన్నెండూ నీకే ఉంటాయట. నాకు వేరే పన్నెండట."