ఈ ఇల్లు మీదేనన్న మాట: శ్రీమతి ఫొరూజాన్ దెహ్‌దష్తీ గారి పదవీ విరమణ సందర్భంగా

హిజ్రీ సౌర సంవత్సరం 1366, మెహ్ర్ మాసం మొదటి తేదీన, అంటే 1987 సెప్టెంబరులో, ఇరాక్‌తో యుద్ధం ఇంకా ముగియని శరదృతువులో, శ్రీమతి ఫొరూజాన్ దెహ్‌దష్తీ గారు మన ప్రాంతీయ వ్యవహారాల కార్యాలయంలో అరబ్బీ దుభాషిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి నుంచి నేటి వరకు ఈ కార్యాలయం ఎవరిని సోదరులని కీర్తించిందో, ఎవరిని ద్రోహులని నిందించిందో, మళ్ళీ ఎవరిని సోదరులని కౌగిలించుకుందో గుర్తుపెట్టుకోవడం మానవమాత్రుల వల్ల అయ్యే పని కాదు. వాళ్ళందరి మాటలనూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చేరవేసినవారు మాత్రం ఆమే. అభినందన వ్యాసంలో విసుగు ధ్వనించరాదని మన కార్యాలయ సంచిక సంపాదకవర్గం నన్ను ముందుగానే హెచ్చరించింది. ఆమెతో ఇన్నేళ్ళు కలిసి పనిచేసినవాడు విసుగు లేకుండా రాశాడంటే వేరెవరి గురించో రాశాడని అర్థం.

మేమంతా గౌరవంగా ఖానమ్ అని పిలిచే దెహ్‌దష్తీ గారు ఇరాక్ సరిహద్దులోని ఖుర్రమ్‌షహర్‌లో జన్మించారు. అరబ్బీ ఆమెకు ఇరుగుపొరుగు పిల్లలతో ఆడుకుంటూ అబ్బిన భాష. బాగ్దాద్ ఫిరంగులు ఆ ఊరిని కూల్చినప్పుడు కట్టుబట్టలతో టెహ్రాన్ చేరుకున్న కుటుంబాల్లో వారిదీ ఒకటి. సరిగ్గా ఆ కాలంలోనే, మన విప్లవాన్ని ముద్దాడడానికి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చిన పాలస్తీనా నాయకత్వం, మెల్లగా బాగ్దాద్ వైపుకు జరిగిపోయింది. అటువంటి సమయంలో కూతురు పాలస్తీనా అతిథులకు దుభాషిగా చేరుతోందని తెలిసి, ఆమె తల్లిగారు మండిపడ్డారట.

"మన ఇల్లు కూల్చినవాడితో చెయ్యి కలిపినోళ్ళకి నువ్వు మాటలు మోస్తావా? సిగ్గుగా లేదూ?" అని అడిగారట తల్లి.

"చెయ్యి కలిపింది నాయకులమ్మా. నా ఎదురుగా కూచునేవాళ్ళు మనలాగే ఇల్లు పోయినోళ్ళు. వాళ్ళ బాధ నాకు అనువాదం లేకుండానే అర్థమవుతోంది, ఏం చెయ్యను?" అని ఈమె జవాబు.

నేను అతిథి గృహ నిర్వాహకుడిగా చేరేనాటికి పాలస్తీనా నాయకత్వం ఇజ్రాయెల్‌తో ఒప్పందం చేసుకుంది. మన కార్యాలయం ఆ పాత నాయకుల చిత్రపటాలను గోడల మీద నుంచి దింపించి, ఒప్పందాన్ని తిరస్కరించిన వర్గాలకు విందులు మొదలుపెట్టింది. విందు అంటే మీకేం, కబాబులు. నాకు మాత్రం కుర్చీలు. ఈ వర్గం ఆ వర్గం పక్కన కూర్చోదు, డమాస్కస్ నుంచి వచ్చినవారు బీరూత్ నుంచి వచ్చినవారికి ఎడమవైపు కూర్చోరు. తలుపు దగ్గర కార్లు ఆగుతుండగా ఖానమ్ గారు నింపాదిగా వచ్చి, "షకీబా గారూ, వీళ్ళిద్దరూ పొద్దున్నుంచి మాట్లాడుకోవడం లేదండీ, కొంచెం కుర్చీలు మార్చండి" అనేవారు. పొద్దున్నుంచి తెలిసిన విషయం పొద్దున్నే చెప్పవచ్చు కదా అని నేను అడగడం, అప్పటికి కలిసిపోతారేమోనని ఆశపడ్డానని ఆమె అనడం, ఏళ్ళ తరబడి మారలేదు.

ఇక అందరికీ తెలిసినా ఎవరూ పైకి చెప్పని ఉదంతానికి వస్తాను.

పాలస్తీనీయుల రెండవ తిరుగుబాటు, రెండవ ఇంతిఫాదా, జరుగుతున్న రోజుల్లో, టెహ్రాన్ కొండల్లోకి వెళ్ళే దర్బంద్ దారిలోని మన అతిథి గృహంలో ఒక విందు జరిగింది. ఈనాటి మన డైరెక్టరు, ఆనాటి ఉప డైరెక్టరు, గౌరవనీయులు వొసూఘీ గారు ఆతిథ్యమిచ్చారు. అతిథుల్లో అబూ రబాహ్ అనే పెద్దాయన ఉన్నారు. ఆయన పదేళ్ళ వయసులో, ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో, గలిలయలోని తమ ఊరిని విడిచి, లెబనాన్‌లోని శరణార్థి శిబిరంలో పెరిగి, అక్కడే బడిపంతులుగా పనిచేసి, భార్యను అక్కడే ఖననం చేసి, ఒక చిన్న వర్గం ప్రతినిధిగా వచ్చారు. ఆయన కిటికీలోంచి కొండను చూసి ఇల్లు చాలా బాగుందన్నారు. వొసూఘీ గారు గుండె మీద చెయ్యి వేసుకుని, "మీ గౌరవానికి తగింది కాదు గానీ, ఈ ఇల్లు మీదే" అన్నారు.

ఇవ్వబోనిది ఇస్తామనడం, కావలసినదాన్ని వద్దనడం, ఈ తారోఫ్ మనకు తల్లిపాలతో వచ్చిన విద్య. టాక్సీవాడు కూడా మనం దిగేటప్పుడు మీ దగ్గర డబ్బులా అంటాడు. అలాగని ఇవ్వకుండా వెళ్ళిపోయేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అతిథి మూడుసార్లు వద్దనాలి, ఆతిథేయి మూడుసార్లు బతిమాలాలి, ఆ తర్వాత అందరూ పండ్లు తినాలి. మామూలు దుభాషి అయితే "మీరు రావడం మాకు సంతోషం" అని సరిపెట్టేవాడు. ఖానమ్ గారు మాత్రం అక్షరం పొల్లుపోకుండా అరబ్బీలో చెప్పారు. అబూ రబాహ్ గారు చెంచా కింద పెట్టి, "సరే, స్వీకరిస్తున్నాను" అన్నారు.

మర్నాడు మిగతా ప్రతినిధులు విమానాశ్రయానికి వెళ్ళారు. ఈయన పై గదిలో తన కోటు తగిలించి, బట్టలు ఆరేసుకోవడానికి నన్ను తాడు అడిగారు.

వొసూఘీ గారు వంటగదిలో నిలబడి పళ్ళు నూరారు. "అది తారోఫ్ అని చెప్పమ్మా ఆయనకి!"

"మీరే చెప్పండి సార్, మనస్ఫూర్తిగా అనలేదని. నేను పక్కనే ఉంటాను, ఒక్క మాట కూడా పోనివ్వను" అన్నారు ఈమె.

అన్నది ఉత్తుత్తినే అని అతిథి ముఖాన చెప్పగల మనిషి మన దేశంలో ఇంకా పుట్టలేదు. అది ఆమెకు బాగా తెలుసు. ఆయన వర్గం ఆనాడు మనకు ఆప్తులు కనుక వీసా గడువు తనంతట తానే పెరిగింది, నివాసపత్రమూ వచ్చింది. నేను ఉక్రోషం పట్టలేక ఖానమ్ గారి ద్వారా పెద్దాయననే అడిగాను, మీ అరబ్బుల్లో ఇటువంటి మర్యాదలు లేవా అని.

"లేకేం నాయనా, మేమూ వచ్చినోళ్ళందరికీ ఇల్లు మీదే అంటాం. శిబిరంలో రేకుల గది ముందు నిలబడి కూడా అన్నాను. వీళ్ళు ఎందుకన్నారో నాకు తెలుసు. అయినా ఒక్కసారి నమ్మి చూద్దామనిపించింది" అన్నారాయన.

ఆ మాట వినగానే నాకు జాలి వేసింది. ఆ జాలి పది రోజులు కూడా నిలవలేదు. పెద్దాయన మా సమోవార్ పాత్రలో మరిగే టీని వేడినీళ్ళని తీర్మానించి, యాలకుల కాఫీ కాచి పొయ్యంతా పొంగించారు. మా వంటవాడి కుంకుమపువ్వు అన్నాన్ని వంకాయలతో కలిపి తమవాళ్ళ పద్ధతిలో పళ్ళెంలోకి తలకిందులుగా బోర్లించారు. ద్రాక్ష పందిరి విషయమై తోటమాలితో, రేడియో చప్పుడు విషయమై నాతో నిత్యం యుద్ధమే. సంధి కుదర్చడానికి ఖానమ్ గారు కార్యాలయం నుంచి వచ్చేవారు. "షకీబా గారూ, ఆయన మిమ్మల్ని గాడిద అంటున్నారు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, నన్నేమీ అనుకోకండి" అనేవారు. కొంచెం తగ్గించి చెప్పవచ్చు కదా తల్లీ!

సిరియాలో అంతర్యుద్ధం వచ్చింది. పెద్దాయన వర్గం మనకు గిట్టని వైపు నిలిచింది. ఆయన్ను ఖాళీ చేయించమని పైనుంచి ఆదేశం వచ్చింది. అప్పటికి డైరెక్టరైన వొసూఘీ గారు ఖానమ్ గారిని వెంటబెట్టుకుని గంభీరంగా మెట్లెక్కారు, వెనుక నేనూ వెళ్ళాను. పెద్దాయన లేచి, తన కుర్చీ జరిపి, "రండి రండి, మీ ఇల్లే అనుకోండి" అన్నారు. ఖానమ్ గారు రెప్ప వేయకుండా దాన్ని ఫార్సీలో చెప్పారు. వొసూఘీ గారు అలవాటుగా "మీ దయ ఉంటే చాలు" అనేసి, కాఫీ తాగి, కిందికి దిగి వచ్చేశారు. ఆదేశం సంగతి మెట్ల మీద గుర్తొచ్చింది.

కొన్నేళ్ళకు ఆ వర్గం మళ్ళీ మనకు సోదరులైంది. అదే వొసూఘీ గారు అదే గదికి పూలగుత్తితో వెళ్ళి, పాలస్తీనాకు మద్దతుగా ఏటా జరిపే కుద్స్ దినోత్సవ వేదిక మీద కూర్చోమని పెద్దాయనను బతిమాలారు. మోకాళ్ళ నొప్పులని ఆయన రానన్నారు. ఆ మనిషి ఎప్పుడూ మారలేదు, ఎప్పుడూ ఆ కిటికీ దగ్గరే ఉన్నారు. అటు ఇటు తిరిగింది మనం. ఇది రాయడానికి నాకు భయం లేదు, పింఛను పత్రాలు నావీ సిద్ధమవుతున్నాయి.

ఒకసారి ఇద్దరం ఆయనకు మందులు తీసుకుని టాక్సీలో వెళ్తుంటే, మా కార్యాలయం పేరు విన్న డ్రైవరు మండిపడ్డాడు. "గుడ్ల ధర చూశారా ఖానమ్? ఇక్కడ మాకే దిక్కు లేదు, మీకు పరాయివాళ్ళ గొడవ కావాలా?" ఉపన్యాసం వస్తుందని నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె మాత్రం, "నువ్వన్నది నిజమే తమ్ముడూ. గుడ్ల ధర నా చేతిలో లేదు. ఒక ముసలాయన గది ఉంది, అదైనా చూసుకోనీ" అన్నారు. మేం దిగాక అతను డబ్బులు వద్దన్నాడు, మామూలుగానే.

ఈ వేసవిలో ఆమె విరమణ ఉత్తర్వుతోపాటు మరో సమాచారం అందింది. అతిథి గృహాన్ని వేరే విభాగానికి అప్పగిస్తారట, పై గదిని కూడా. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి నా బల్ల ముందు నిలబడి దాదాపు అరిచారు. "నేను వెళ్ళిన మర్నాడే ఎవరో వచ్చి, ఆయనకి అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఈ వయసులో మళ్ళీ పెట్టె సర్దుకోమంటారా? ఎక్కడికండీ? చెప్పండి, ఎక్కడికి?"

గత వారం వీడ్కోలు సభ జరిగింది. ముందు వరుసలో అబూ రబాహ్ గారు ఇస్త్రీ చేసిన కోటుతో కూర్చున్నారు. వొసూఘీ గారు సుదీర్ఘంగా, నిజంగానే హృదయపూర్వకంగా ప్రసంగించి, గుండె మీద చెయ్యి వేసుకుని ముగించారు. "ఖానమ్, ఈ కార్యాలయమే మీది. ఏం కావాలో అడగండి, మీదే అనుకోండి."

మీ ఆరోగ్యం చాలు సార్ అనాలి. మేమంతా చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నాం.

"పై గది. అబూ రబాహ్ గారికి" అన్నారామె.

వొసూఘీ గారు నవ్వారు. "అదేం అడగడం ఖానమ్? మీ స్థాయికి తగ్గది, ఇంకేదైనా..."

"అదే చాలు సార్. స్వీకరిస్తున్నాను."

అనేసి, అటు తిరిగి, జరిగిందంతా పెద్దాయనకు అరబ్బీలో సభకంతా వినబడేలా చెప్పారు. ఆయన చేతికర్ర పక్కన పెట్టి లేచి, వొసూఘీ గారి భుజాన్ని ముద్దుపెట్టుకుని, అలాగే పట్టుకుని ఉండిపోయారు. వొసూఘీ గారి కళ్ళు కూడా తడిశాయి. కాదనకండి సార్, నేను చూశాను. చివరకు ఆయన మైకులోనే అన్నారు: "ఖానమ్ నీడ మన మీద ఉన్నంతకాలం ఆ గది జోలికి ఎవరూ పోరు."

ఖానమ్ గారు నా వైపు చూసి, "షకీబా గారూ, సంచికలో వెయ్యండి, ఉన్నదున్నట్టు" అన్నారు. వేశాను. వొసూఘీ గారు ఇందులో ఒక్క మాట కూడా కొట్టివేయలేదు. కొట్టివేయాలంటే అది ఉత్తుత్తినే అన్నానని సంపాదకవర్గానికి చెప్పాలి కదా.

కనుక ఇది లాంఛనంగా రాస్తున్న దీవెన కాదు. మన మర్యాద భాషలో నీడ ఉన్నంతకాలం అంటే ఆ మనిషి బతికి ఉన్నంతకాలం. ఖానమ్ దెహ్‌దష్తీ గారు రక్తపోటు మాత్రలు వేళకు వేసుకోవాలి, ఊరగాయలు మానాలి, దొంగచాటుగా బాల్కనీలో కాల్చే సిగరెట్లు మానాలి. అబూ రబాహ్ గారికి ఎనభై అయిదేళ్ళు, వారి తండ్రిగారు నూరు దాటి బతికారట, నిన్ననే ఈయన కొత్త కాఫీ గిన్నె కొనుక్కొచ్చారు. ఆమె సంపూర్ణ ఆయురారోగ్యాలతో, ఆ పెద్దాయన కంటే కనీసం ఒక్కరోజైనా ఎక్కువ జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.