ఎదుటి పక్షం వకీలమ్మ

ఆదివారం మధ్యాహ్నం. వంటింట్లో తల్లి బఠాణీలు ఒలుస్తోంది, కూతురు ఒలిచినవి ఒలిచినట్టే నోట్లో వేసుకుంటోంది. తండ్రి గుమ్మం పక్కన బల్ల వేసుకుని చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. పిల్లకి రెండు లా కాలేజీలు స్కాలర్‌షిప్ ఇస్తామన్నాయి. ఏది కావాలో రేపటికల్లా చెప్పాలి. పొద్దున మొదలైన వాదన ఇంకా తెమల్లేదు.

"దూరందే మంచిదని చెప్పాను. మళ్ళీ మొదటికి రాకు."

"దగ్గరదానికి ఏమైందమ్మా? ఫీజు మొత్తం మాఫీ. పైగా వారానికి రెండ్రోజులు గవర్నమెంటు ప్లీడరు ఆఫీసులో పని నేర్పిస్తారు. నాకు కావలసింది సర్కారు లాయరు ఉద్యోగమేగా?"

"దూరందాంట్లోనూ మాఫీయేగా. హాస్టలు కూడా వాళ్ళదే. పేరున్న కాలేజీ."

"అక్కడ చదివినవాళ్ళు సగం మంది కంపెనీల్లోకి పోతారని నువ్వే అన్నావు."

"ఎప్పుడన్నాను?"

"పోయిన నెల."

"పోయిన నెల మాట పోయిన నెలతోనే పోయింది. బఠాణీలు తినకు, కూరకి మిగలవు."

"చూశావా నాన్నా? పక్కవీధికి వెళ్ళొస్తానంటే పది జాగ్రత్తలు చెప్పే మనిషి, ఇప్పుడు రైలెక్కించి పంపించేస్తానంటోంది."

"మీ మధ్యలోకి నన్ను లాగకండి. కాలరు దగ్గరున్నాను."

"లాగక తప్పదు, నువ్వే జడ్జివి. మన ఇంటి పద్ధతి పెడదాం."

"ఏ పద్ధతి?"

"అమ్మ పెట్టిందే. అన్నయ్యా నేనూ కొట్టుకున్నప్పుడల్లా వాడి తరఫున నేను, నా తరఫున వాడు వాదించాలి. అప్పటిదాకా టీవీ రిమోటు ఇచ్చేది కాదు."

"అది చిన్నపిల్లల ఆటే. ఇప్పుడెందుకు?"

"భయమా అమ్మా?"

"నాకేం భయం? సరే, కానీ."

"నేను దూరం కాలేజీ తరఫున, నువ్వు దగ్గర కాలేజీ తరఫున. ముందు నువ్వు."

"ఏముందీ, దగ్గర. ఇంటి తిండి. అయిపోయింది."

"ఏమోయ్, ఇలా వాదిస్తే నీ క్లయింటుకి ఉరిశిక్షే. కోర్టువారు ఒప్పుకోరు."

"మీకూ సరదాగానే ఉన్నట్టుంది. సరే, వినండి. బయటినుంచి చూస్తే అది పాత కొంప. లోపలికెళ్తే వేరు. మేడమీద లైబ్రరీ, వీధి గోల వినపడదు. సాక్ష్యాల చట్టం చెప్పే మేడమ్ ఉందే, పుస్తకమే తెరవదు. ముందు వరసలో ఎవర్నో లేపి, 'గొలుసు దొంగిలించింది నువ్వే, కాదని ఎలా అంటావో అను' అంటుంది. వాడు నీళ్ళు నములుతాడు, క్లాసంతా నవ్వుతారు. కానీ ఆ పాఠం చచ్చినా మర్చిపోరు. సాయంత్రం బ్యాచి కూడా ఉంది. ఆఫీసు అవగానే బస్సెక్కితే హాయిగా—"

"ఏ ఆఫీసు?"

"ఏదో ఆఫీసు. ఉద్యోగాలు చేసేవాళ్ళు ఉంటారుగా."

"మేడమ్ పుస్తకం తెరవదని నీకెవరు చెప్పారు?"

"ఎవరో అన్నారు."

"లైబ్రరీలో వీధి గోల వినపడదని?"

"అదీ ఎవరో అన్నారు."

"నాన్నా, సాక్షి తడబడుతోంది."

"కోర్టువారు గమనించారు. గమనిస్తుంటే చొక్కా కూడా కొంచెం కాలింది. ఏమోయ్, ఈమధ్య ఆఫీసులో ఇన్‌స్పెక్షనని ఆలస్యంగా వస్తున్నావు, అదేనా ఇది?"

"కాలేజీ ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. పిల్ల చేరేది కదా."

"చేరొద్దంటున్న కాలేజీని వెళ్ళి చూశావా?"

"గిన్నె ఇలా ఇవ్వు. పొయ్యి వెలిగించాలి."

"ఇవ్వను. ఆ స్కాలర్‌షిప్పు ఒక్కరికే కదమ్మా. నేను వద్దంటే లిస్టులో నా తర్వాతి వాళ్ళకి పోతుంది. ఎవరా తర్వాతి వాళ్ళు?"

"నాకేం తెలుసు?"

"నా మొహం చూసి చెప్పు."

"చూడను."

"ఏమోయ్..."

"మీరు ఊరుకోండి. నేనే. ఆ తర్వాతిదాన్ని నేనే. చాలా? ఎంట్రన్సుకి చదివేటప్పుడు ప్రశ్నలు అడగమని పుస్తకం నా చేతికిచ్చేది. అడిగి అడిగి నాకూ వచ్చేశాయి. ఊరికే రాసి చూశాను. దీని వెనకే వచ్చి నిలబడ్డాను."

"నాక్కూడా చెప్పలేదు."

"ఏమని చెప్పను? ఈ వయసులో ఇదేం పిచ్చని నవ్వరూ? మా సర్కారు ఆఫీసు లా సెక్షన్లో ఇన్నేళ్ళూ వాళ్ళు చెప్పింది టైపు కొట్టాను. ఎవరో చెబుతారు, నేను కొడతాను, ఎవరో సంతకం పెడతారు. ఒక్కసారి నేను చెబుతూ ఉంటే ఇంకెవరైనా టైపు కొడితే చూడాలనిపించింది. లా డిగ్రీ ఉంటే మా ఆఫీసులోనే లా ఆఫీసరు పరీక్ష రాయొచ్చు. ఫీజు కట్టుకుని చదివే స్తోమత లేదు, మాఫీ వస్తేనే. కానీ అది నీదే తల్లీ, నువ్వు కష్టపడి తెచ్చుకున్నావు. నీకేది కావాలో తీసుకో. నేనింక నోరెత్తను."

"అంటే నీకు కావాలి."

"నేను అలా అనలేదు."

"మరి వద్దా?"

"నీకు ఏది—"

"నా సంగతి వదిలెయ్. రేపు సర్కారు తరఫున పదిమందిలో మాట్లాడాలనుకునే మనిషివి, నీ తరఫున ఒక్క ముక్క అడగలేవా? కావాలా, వద్దా?"

"కావాలి. కావాలే నాకు. ఎంత కావాలో నీకు తెలీదు. సిగ్గుగా ఉంది గానీ, చాలా కావాలి."

"ఇస్త్రీ కట్టేస్తున్నాను. ఇంక నా వల్ల కాదు. తీర్పు మీరే చెప్పుకోండి."

"తీర్పూ లేదు, ఏమీ లేదు. ఒసే, నామీద జాలితో ఏదీ వదిలేయకు. ఆ కంపెనీల కాలేజీకి పోయి నువ్వేం చేస్తావు?"

"సగం మంది కంపెనీల్లోకి పోతే మిగతా సగం సర్కారు పరీక్షలే కదమ్మా రాసేది? వాళ్ళ పక్కన కూర్చుంటాను. నీ పది జాగ్రత్తలూ వినపడనంత దూరంలో."

"తొందరపడకు. రేపటిదాకా టైముంది, నెమ్మదిగా ఆలోచించు."

"ఆలోచించేదేం లేదు. చేరిపోదామని నిన్న ఆ దగ్గర కాలేజీకి వెళ్ళాను. మీ మేడమ్ నన్ను ఎగాదిగా చూసి, 'నీ తర్వాత ఉన్నావిడ అచ్చం నీలాగే ఉంటుంది, మీ అక్కా?' అంది. అవునని చెప్పి, ఆ మాఫీ సీటు అక్కకే ఇచ్చెయ్యమని వచ్చేశాను."