మాణిక్ తోలిన చేప

చిరాగ్‌పల్లి రోడ్డు మీద హఫీజుద్దీన్ చాయ్ హోటల్లో మాణిక్ కూర్చున్నాడంటే సముద్రం ఆ బెంచీ దాకా వచ్చినట్టే. షోకు కోసం గాలాలేసే టూరిస్టులను తిప్పే పడవలో, గోవాలో అతని పని. వానలు మొదలయ్యే ముందు పడవను ఒడ్డెక్కించి గీకి రంగులేస్తారు, మాణిక్ ఇంటికొస్తాడు. ఈసారి ఎదురు బెంచీ మీద ఝరాసంగం సంగప్ప ఉన్నాడు. కూతురు కావ్యను ఇతనికి ఇవ్వాలా వద్దా అని చూసిపోవడానికి వచ్చిన మనిషి. కావ్య ఫొటో చూసిన నాటి నుంచి మాణిక్‌కు ముద్ద దిగడం లేదు. అందుకే ఈ పూట అతని కోతలకు పదునెక్కువైంది. పిల్లనివ్వకముందే మామా అనేశాడు.

"కార్వార్ కాడికెల్లి పడవను మరమ్మతుకు గోవాకు మలిపినం మామా, గాలి లేసింది, నేనేం జేసిన, జర తాడు గట్టిగ పట్టుకున్న, అంతే. అలలంటరా, మనిషెత్తు... మనిషెత్తేంది, గా సెల్ టవర్ లేదూ, గంత. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఇంజిను బందైంది. కెప్టెన్ ఏడ్వవట్టిండు. ఫికర్ జేయకు సాబ్ అని గాలమేసిన. రాయికోడ్ సంతల ఎద్దుంటది సూడు, గంత చేప తగిలింది."

"ఎద్దంతనా?" అన్నాడు హఫీజుద్దీన్ చాయ్ వడగడుతూ.

"ఒక్క ఎద్దు గాదు చిచ్చా, జోడెడ్లంత. దానికి ముకుతాడేసి, పడవకు కట్టి, అరక తోలినట్టు తోలిన. ఒక్క చేత్తోటే, రెండో చేత్తోటి పడవల నీళ్లు తోడుతున్న గద. నడుమ పిడుగు పడితే గిట్ల పక్కకు నూకిన. మేం గోవా చేరినంక అర్ధగంటకు తుఫానొచ్చింది, మమ్మల్ని అందుకోలే. చేపను ఇడిసిపెడ్తే, పోను మనసొప్పక మర్లి మర్లి చూసుకుంట పోయింది."

సంగప్ప గ్లాసు కింద పెట్టి లేచాడు. "నీ పని గింత ప్రమాదమైతే పిల్లనెట్లిస్త? ఏ దినం ఏ వార్త వస్తదో. నాకు పానమొప్పది బిడ్డా."

మాణిక్ గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. "కూసో మామా. అలలు టవరంత గాదు, మోకాలెత్తు."

"చేప?"

"చేప లేదు."

"ఇంజిను?"

"బందే కాలే. మంచిగ నడిచింది."

"తాడన్న పట్టుకున్నవా?"

చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే పిల్ల పోతుంది. మాణిక్ తల దించుకున్నాడు. "తాడు గాదు, బకెటు. కార్వార్‌ల ఎక్కినోన్ని గోవా దాంక కక్కుకుంటనే ఉన్న."

హఫీజుద్దీన్ నవ్వాపుకోలేక వడపోత గుడ్డ పక్కన పడేశాడు. సంగప్ప మాత్రం నింపాదిగా మళ్లీ కూర్చున్నాడు.

"మీ కెప్టెన్‌కు పోయిన వారమే ఫోన్ జేసి అడిగిన. పిల్లనిచ్చేటోన్ని, అడగకుంటనా? గిదే చెప్పిండు. నీ నోట్లకెల్లి ఎప్పుడొస్తదా అని చూస్తున్న."

మాణిక్‌కు సిగ్గూ ఆశా ఒక్కసారే కమ్మాయి. "అయితే పిల్లను..."

"ఇస్త. దానికి జహీరాబాద్ బస్సెక్కితేనే వాంతులు. ఇగ మీరిద్దరు యాడికి పోవాల్నన్నా నడిచే పోండ్రి."