తెరుచుకోని ఫోల్డర్

నీటి సరఫరా ఆఫీసు. కంప్యూటర్ ముందు టెక్నీషియన్, పక్కన సూపరింటెండెంటు మేడమ్.

"అది కాదు మేడమ్, మెయిన్‌ఫ్రేమ్‌లో, అదే ఆ పాత పెద్ద మెషీన్‌లో ఉన్న మీ ఫోల్డర్ ఎప్పట్నుంచి తెరుచుకోవట్లేదు?"

"కొత్త విండోస్ పెట్టిన దగ్గర్నుంచి. టీ తాగుతావా బాబూ?"

"తాగే వచ్చాను. నెల దాటింది కదా, ఒక్క ఫిర్యాదైనా పెట్టలేదేం?"

"పెడదామనే అనుకున్నాం. పనుల్లో పడి..."

"మీ పనంతా అందులోనే కదా? కుళాయి దరఖాస్తులన్నీ ఆ ఫోల్డర్లోనే ఉంటాయన్నారు."

"ఉంటాయి. ఉండనీ."

"పాస్‌వర్డ్ పేచీ మేడమ్. ఆ పెద్ద మెషీన్ ఎనిమిది అక్షరాలు దాటనివ్వదు. ఇక్కడి విండోసేమో పన్నెండుకి తగ్గితే ఒప్పుకోదు."

"అత్తకీ కోడలికీ చెడితే మధ్యలో దూరకూడదు."

"దూరడానికే కదండీ నాకు జీతం. ఇవాళ తెరవకపోతే రేపట్నుంచి రావద్దన్నారు డైరెక్టర్ గారు."

"ఆయనకెలా తెలిసింది?"

"మీ కౌంటర్ దగ్గర జనమే లేరని ఎవరో చెప్పారట. జనం లేరంటే పని ఆగిపోయినట్టేగా అన్నారు."

"ఆగలేదు."

"మరి?"

"ఇదివరకు ఎవరి దరఖాస్తు తెరిచినా 'పరిశీలనలో ఉంది' అని కనబడేది. అదే చెప్పి పంపేవాళ్ళం. ఇప్పుడది కనబడదాయె. ఏం చెప్పాలో తోచక, మేస్త్రీని పంపి ఇల్లు చూసి రమ్మంటున్నాం. కుళాయి ఇవ్వొచ్చంటే సంతకం పెట్టేస్తున్నాం."

"అంతేనా?"

"అంతే."

"సరే... అయిపోయింది మేడమ్. ఇదిగో, జెడ్ డ్రైవు. దీన్ని నొక్కితే పెద్ద మెషీన్‌లోవన్నీ ఇక్కడే కనబడతాయి."

"నొక్కకు."

"నొక్కకపోతే నా ఉద్యోగం పోతుందండీ."

"ఒక్క నిమిషం. మీ ఇల్లెక్కడ?"

"బడి వెనక కొత్త వీధి."

"నీళ్ళొస్తున్నాయా?"

"పోయిన వారమే వచ్చాయి. మా అమ్మ మూడేళ్ళు తిరిగింది మీ ఆఫీసు చుట్టూ. బిందెలు మోసి మోసి నడుం వంగిపోయింది పాపం. ఏం మేడమ్, అలా చూస్తున్నారు?"

"ఏం లేదు. మీ వెనక వీధివాళ్ళకి ఇంకా రావాలి. నీ ఇష్టం, నొక్కుతానంటే నొక్కు."

"వద్దు లెండి. డైరెక్టర్ గారికి ఫోన్ కలపండి మేడమ్, ఈ కంప్యూటర్‌కి జబ్బు ముదిరిపోయిందని, నయమయ్యేదాకా రోజూ నేనే దగ్గరుండి చూసుకోవాలని చెబుతాను."